బాపు పక్కన నా జాగా

నా మనవరాలికి పదకొండేళ్లు. ఇంకా తల్లిదండ్రుల మధ్యే పడుకుంటుంది. దానికి వేరే గది ఉంది, గదిలో మంచం ఉంది, మంచం మీద కుందేళ్ల బొమ్మల దుప్పటి ఉంది. అన్నీ ఉన్నాయి, పడుకునే మనిషే లేదు. మొన్న కోడలి స్నేహితురాలు ఒకామె వచ్చి ఈ సంగతి విని, "ఇంత పెద్దయ్యాక ఇంకా అమ్మానాన్నల పక్కలోనా, సిగ్గు లేదూ?" అని పిల్ల బుగ్గ గిల్లింది. సరదాకే అంది. పిల్ల ముఖం మాడిపోయింది. నేను ఆమెను ఏమన్నానో ఇక్కడ రాయను గానీ, ఆమె చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయింది. కోడలు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నా నోరు మంచిది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ నోరు ఒకప్పుడు ఏం చేసిందో మాత్రం ఎవరికీ తెలియదు.

మాది నకిరేకల్ అంగడికి నడిచి పోయి రాగలిగినంత దూరంలో ఉన్న ఊరు. ఒకే గది, వెనక కొట్టం, కొట్టం వెనక ఆముదపు చేను. ఇంట్లో పక్క ఒక్కటే. పక్క అంటే మంచం అనుకునేరు. నేల మీద ఎండు గడ్డి పరిచి, దాని మీద రెండు నల్ల గొంగళ్లు కలిపి కుట్టిన పరుపు. కప్పుకోవడానికి అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత. గోడ వైపు బాపు, ఆయన పక్కన నేను, నా పక్కన ఆరేళ్ల తమ్ముడు, చివర అమ్మ. ఇంట్లో ఉన్న ఒక్క నులక మంచం బాపు తల్లిది, మా అవ్వది. దాన్ని గడప దగ్గర వేసుకుని, వచ్చేపోయే వాళ్లందరినీ అక్కడినుంచే పలకరించేది, అక్కడినుంచే తిట్టేది.

ఊళ్లో అందరిళ్లలోనూ అంతే. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యేదాకా తల్లిదండ్రుల పక్కలో, ఆ తర్వాత అవ్వ పక్కలో. మగపిల్లవాడు మీసాలు మొలిచేదాకా తల్లి దగ్గర, ఆ తర్వాత కొట్టంలో ఎడ్ల దగ్గర. ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఈ మార్పు జరిగిపోయేది.

అవి మా ఊరు రెండుసార్లు తలకిందులైన రోజులు. మొదటిసారి కమ్యూనిస్టుల సంగం వచ్చి దొరను ఊరు వదిలి పోయేటట్టు చేసింది. ఆయన భూములు పంచారు. గుట్ట కింద రెండెకరాల చెలక బాపుకు వచ్చింది. ఆ చెలకలో మొదటిసారి నాగలి దించిన రోజు బాపు తిండి తినడానికి కూడా ఇంటికి రాలేదు, అమ్మే మమ్మల్ని తీసుకుని అన్నం మోసుకుపోయింది. రెండు పంటలు తీశామో లేదో పోలీస్ యాక్షన్ జరిగింది. నిజాం రాజ్యం పోయిందని ఊళ్లో బెల్లం పంచారు. ఆ తీపి నోట్లో ఉండగానే దొర తిరిగి వచ్చాడు, ఈసారి సర్కారు తుపాకుల వాళ్లను వెంటబెట్టుకుని. ఆయన భూమి దున్నినవాళ్ల పేర్లన్నీ కాగితం మీదికి ఎక్కాయి. మా బాపు పేరు కూడా ఎక్కింది.

బాపు తుపాకి ముట్టిన మనిషి కాదు. గుట్ట మీద దళం ఉన్నప్పుడు నాలుగైదుసార్లు జొన్నరొట్టెల మూట మోశాడు, అంతే. దానికే పట్టుకుపోతారా అని అవ్వ తీసిపారేసేది. కానీ పక్క ఊళ్లో అంతకంటే తక్కువ చేసిన ఇద్దరిని పట్టుకుపోయారు. వాళ్ల బట్టలు మాత్రం ఇంటికి తిరిగి వచ్చాయి. ఆ రోజునుంచి అవ్వ ఆ మాట అనడం మానేసింది.

బాపు పగలంతా గుట్ట మీది రాళ్ల మధ్య గడిపి, పొద్దుగూకాక ఇల్లు చేరేవాడు. కోడి కూయకముందే మళ్లీ పోయేవాడు. దళంతో కలిసి అడవికి పొమ్మని చెప్పినవాళ్లు ఉన్నారు. "పిల్లల్ని ఇడిసి ఏడికి పోవాలె" అనేవాడు. మా ఇద్దరి తలల మీద చేయి వేసుకుంటే తప్ప ఆయనకు నిద్ర పట్టేది కాదు. మనిషికి అంత పిల్లల పిచ్చి ఉండకూడదని ఇప్పుడు అనిపిస్తుంది. ఉండబట్టే దొరికాడు.

తుపాకుల వాళ్లు తెల్లవారకముందే వచ్చి ఊరిని చుట్టుముట్టేవాళ్లు. ఇంట్లోకి రాగానే చేసే మొదటి పని పక్కలు తడమడం. మనిషి లేని పక్క వెచ్చగా ఉందంటే, అందులో పడుకున్నవాడు అప్పుడే లేచి పారిపోయాడని అర్థం. ఇక ఇల్లూ కొట్టమూ చేనూ ఏదీ వదిలేవాళ్లు కాదు. మాకు మూడిళ్ల అవతలి ఆయన అలాగే గడ్డివాములో దొరికాడు.

ఆ సంగతి తెలిసిన రోజు అమ్మ తిరగలి ముందు కూర్చుని జొన్నలు విసురుతూనే ఉంది. సాయంత్రం మా ఇద్దరినీ లోపలికి పిలిచి, పట్టపగలు గొంగడి పరిచింది.

"సూడు బిడ్డా, బాపు లేచిండంటే నువ్వు ఆయన జాగల దొర్లాలె. తమ్మున్ని గుంజి నీ జాగల ఏస్కోవాలె. నేను ఇటుదిక్కు జరుగుత. నడుమ ఏడ ఖాళీ కనపడొద్దు. లేచి కూసోవద్దు, కండ్లు తెరవొద్దు."

మేం నేర్చుకున్నాం. అమ్మ బాపు జాగాలో పడుకుని చప్పుడు లేకుండా లేచేది, నేను దొర్లేదాన్ని, తమ్ముణ్ని లాక్కునేదాన్ని. వాడికి అదొక ఆట. కిలకిల నవ్వేవాడు, అమ్మ తొడ మీద ఒకటి వేసేది. అవ్వ మంచం మీదినుంచి చూసి, "నన్ను గూడ దొర్లుమంటరా ఏంది, ముసల్దాన్ని" అనేది. మూడు నాలుగు రోజులకు నాకు ఎంత అలవాటైందంటే, బాపు చేయి నా తల మీదినుంచి లేవగానే నా ఒళ్లు దానంతటదే ఆయన జాగాలోకి పోయేది.

మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ నేను ఆయన జాగాలోనే ఉన్నాను. మొదటిసారి నాకు బాగా గుర్తుంది. కుక్కలు మొరిగాయి. బాపు నా నెత్తి మీద ఒకసారి చేయి అదిమి, లేచి కొట్టంలోకి పోయాడు. నేను దొర్లాను. ఆయన పడుకున్న చోట బీడీ వాసన, చెమట వాసన, ఆయన ఒంటి వేడి. బూట్లు లోపలికి వచ్చాయి. ఎవరో వంగి నా భుజం పక్కన చేయి పెట్టి తడిమారు. ఆ వేడి నాదే అనుకున్నారు. తల్లీ పిల్లలు, ముసలమ్మ, ఇంట్లో మగవాడు లేడు అనుకుని పోయారు. మా అమ్మ ముద్దులు పెట్టే మనిషి కాదు. ఆ పొద్దు మాత్రం పొయ్యి ముందు నన్ను కూర్చోబెట్టుకుని, నా రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు పన్నెండేళ్లు. మా బాపును నేనే కాపాడుతున్నానని నాకు తెలుసు. అంత గర్వం నాకు జీవితంలో మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

ఆ చలికాలంలో నేను పెద్దమనిషినయ్యాను. మూలన ఈతచాప మీద పదకొండు రోజులు కూర్చోబెట్టారు. ఆ పదకొండు రోజులూ అమ్మ బాపును గుట్ట దిగి రానివ్వలేదు. స్నానం చేయించి, కొత్త ఓణీ కట్టించి, నువ్వుల ముద్దలు పంచిన రోజు సాయంత్రం అవ్వ తన మంచం మీద నాకు చోటు చేసింది. అమ్మ నన్ను చేయి పట్టుకుని తీసుకువచ్చి గొంగడి మీదే పడుకోబెట్టింది.

"ఈడొచ్చిన పిల్లను తండ్రి పక్కల పండబెడ్తవా? నలుగురు నవ్వరా?" అంది అవ్వ.

"నవ్వనీ అత్తమ్మా. మనిషి పాణం దక్కితె సాలు."

అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకు ప్రాణం ముందు ఆమె మాత్రం ఏమంటుంది?

కానీ బాపు మారాడు. అంతకుముందు నా తల మీద చేయి వేసుకుని పడుకునేవాడు. ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకునేవాడు. తల రుమాలు మడిచి ఆయన వీపుకీ నాకూ మధ్య పెట్టుకునేవాడు. లేచేటప్పుడు చేత్తో కాకుండా గొంతు సవరించి నన్ను లేపేవాడు. ఆయనది పెద్దరికం. నాకేమో ఆ రుమాలు చూస్తే ఏడుపొచ్చేది. నేనేదో తప్పు చేసినట్టు, మైలపడినట్టు అనిపించేది. అంతవరకు లేని సిగ్గు ఆ రుమాలుతోనే మొదలైంది.

ఆముదం గెలలు కోసే రోజులవి. దొర చేనుకు ఆడపిల్లలమంతా కూలికి పోయేవాళ్లం. మా తమ్ముడు ఎవరితోనో వాగినట్టున్నాడు, మా అక్క మా బాపు పక్కన పడుకుంటుందని. మాలో కాస్త పెద్దది, లగ్గం కుదిరిన పిల్ల ఒకతి ఉండేది. చేను నడుమ నిలబడి, అందరికీ వినపడేటట్టు అడిగింది.

"ఏందే, పెద్దమనిషివైనా ఇంక మీ బాపు పక్కలనే పండుకుంటున్నవంట? రేపు లగ్గమైతె మీ అత్తోరింటికి గూడ మీ బాపును ఎంట తోల్కపోతవా?"

గెలలు కోసేవాళ్లంతా పడీపడీ నవ్వారు. ఆ నవ్వు పక్క చేలోకి కూడా వినపడి ఉంటుంది. నా దగ్గర జవాబు ఉంది. ఆ జవాబు చెబితే పక్క తడిమేవాళ్లను ఎలా ఏమారుస్తున్నామో ఊరంతా తెలుస్తుంది, దొర చెవినా పడుతుంది. పళ్లు బిగబట్టుకుని గెలలు కోశాను. ముళ్ల కాయలు వేళ్లకు గుచ్చుకుని రక్తం కారింది, అదీ చూసుకోలేదు. మరునాడు మళ్లీ అదే మాట, మళ్లీ అదే నవ్వు. మూడో రోజు నేను ఎదురుపడగానే మాట కూడా అక్కర్లేకుండా నవ్వడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం నేను ఒక పాత చీర తీసుకుని అవ్వ మంచం ఎక్కాను.

"గీ రోజులు పోనీ బిడ్డా. గింత కష్టం పోయినంక నీ ఇష్టం" అని అమ్మ బతిమాలింది.

"నేను పండుకోను. నన్నందరు నవ్వుతున్నరు."

అమ్మ చేయి పట్టుకుని గుంజబోయింది. బాపే ఆపాడు. "పోనీయే. పిల్లకు సిగ్గైతది, దాన్ని బల్మి చెయ్యకు. నేనే నాలుగు దినాలు గుట్ట మీద ఉంట తియ్యి." అలా అని, అన్నం కూడా తినకుండా చల్ల తాగి, ఒక పాత గొంగడి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

గుట్ట మీద నిప్పు పెట్టుకోకూడదు, పొగ కనపడుతుంది. ఆ చలికి మూడు రోజులు తట్టుకున్నాడు. నాలుగో రోజు పొద్దుగూకాక ఒళ్లు కాలిపోతూ, గోడ పట్టుకుని నడుస్తూ ఇంటికి వచ్చాడు. అమ్మ మిరియాలు దంచి కషాయం పోసింది. బొంత కప్పింది. తర్వాత అవ్వ మంచం దగ్గరికి వచ్చి వంగి, నా చెవిలో అంది. "ఇయ్యాల ఒక్కనాటి మందం రా బిడ్డా. జెరమొచ్చిన మనిషి. నీ కాళ్లు మొక్కుత."

కన్నతల్లి కాళ్లు మొక్కుతానంది. నేను మెలకువగానే ఉన్నాను. నిద్ర పోతున్నట్టు నటించాను. ఆమె కాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఇప్పటికీ ఏ పని మధ్యలోనో ఆ మాట గుర్తొస్తే చేతిలోది కింద పెట్టి కూర్చుండిపోతాను.

తూరుపు తెల్లబడకముందే వచ్చారు. జ్వరంలో బాపు లేవడం ఆలస్యమైంది. అమ్మ ఆయన్ను లేపి, చంకల కింద చేతులు వేసి కొట్టంలోకి నెట్టి, తిరిగి వచ్చి తమ్ముణ్ని జరిపేలోగా తలుపు మీద బూటు పడింది. ఆ తలుపుకు అంత బలం ఎక్కడిది? రెండో దెబ్బకే తెరుచుకుంది.

ముగ్గురో నలుగురో లోపలికి వచ్చారు. వాళ్ల వెనక మా ఊరి మస్కూరి వచ్చాడు. సర్కారు మనుషులు వస్తే వెంట తిరిగి ఇళ్లు చూపించేవాడు, మా మాట వాళ్లకు, వాళ్ల మాట మాకు చెప్పేవాడు. మంచి మనిషి. దొర మనిషి ఒకడు లాంతరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బయట వీధిలో ఇళ్లలోని వాళ్లందరినీ లేపి నిలబెట్టారు. మా ఎదురుగా, తల్లి పక్కన, దుప్పటి కప్పుకుని, లగ్గం కుదిరిన ఆ పిల్ల నిలబడి ఉంది.

వాళ్ల పెద్ద వంగి పక్క తడిమాడు. అమ్మ ఒక చివర కూర్చుని ఉంది. మధ్యలో తమ్ముడు పడుకుని ఉన్నాడు. గోడవైపు ఖాళీ. ఆయన చేయి అక్కడే ఆగింది. జ్వరం మనిషి పడుకున్న చోటు, మామూలు కంటే ఎక్కువే వేడిగా ఉండి ఉంటుంది. ఇక్కడ ఎవరు పడుకున్నారని ఉర్దూలో అడిగాడు. మస్కూరి మాకు చెప్పాడు.

"నా బిడ్డ పన్నది" అంది అమ్మ, తడుముకోకుండా. "మీ సప్పుడుకు బుగులుపడి లేచి ముసల్దాని తానికి ఉరికింది."

అందరూ నావైపు చూశారు. మస్కూరి నా దగ్గరికి వచ్చాడు. ఆయనకు అంతా అర్థమైంది. మెల్లగా, తండ్రిలాగా అడిగాడు. "అవునా బిడ్డా? నువ్వే గద ఆడ పన్నది? అవునని చెప్పు."

ఏం అనాలో కూడా ఆయనే నా నోటికి అందించాడు. తల ఊపినా సరిపోయేది. అవ్వ వెనకనుంచి నా వీపు పొడిచింది. నేను గుమ్మంలోంచి బయటికి చూశాను. ఆ పిల్ల నన్నే చూస్తోంది. ఊరంతా నన్నే చూస్తోంది. చేను నడుమ నవ్వు నా చెవుల్లో వినపడింది.

"నేను బాపు పక్కల పండుకోను. నేను అవ్వ తాన్నే పంట" అన్నాను.

గట్టిగా అన్నాను, బయటివాళ్లకు వినపడాలని.

మస్కూరి తల దించుకున్నాడు. ఆయన ఆ మాటను వాళ్లకు చెప్పలేదు. లాంతరు పట్టుకున్న దొర మనిషి నవ్వి చెప్పాడు. బూట్లు కొట్టంలోకి పరుగెత్తాయి. ఆముదపు ఆకుల మీద మంచు తెల్లగా కమ్మి ఉంది. మనిషి దూరిన వరస వెంట మాత్రం మంచు రాలి ఆకులు పచ్చగా ఉన్నాయి. ఎవరూ వెతకనక్కర్లేకపోయింది. బాపు పది అడుగులు కూడా పోలేకపోయాడు. మోకాళ్ల మీద కూర్చుని వణుకుతూ ఉన్నాడు. రెక్కలు విరిచి కట్టి తీసుకుపోతూ ఉంటే, మా ముందుకు వచ్చినప్పుడు ఆగి, "బుగులుపడకు బిడ్డా" అని నాతోనే అన్నాడు.

అమ్మ నన్ను కొట్టలేదు. తిట్టలేదు. ఆ మాట ఎందుకన్నావని ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. కొట్టి ఉంటే బాగుండేది. లోపలికి పోయి గొంగడి దులిపి, మడిచి, దండెం మీద వేసింది. మస్కూరి కూడా ఊళ్లో ఎక్కడా నోరు విప్పలేదు. గుమ్మం ముందు నిలబడ్డవాళ్లు నా మాట విన్నారు గానీ, వాళ్లకు అందులో ఏముందో తెలియదు. ఎవరో పిల్ల ఏదో అంది, అంతే. బాపు లేవగానే ఆయన జాగాలోకి దొర్లే సంగతి మా ఇంటివాళ్లకే తెలుసు. అవ్వ ఆ దిగులుతోనే ఆరు నెలల్లో పోయింది.

బాపు ముందు క్యాంపులో, తర్వాత జైల్లో ఉన్నాడు. చంపలేదు. ప్రాణంతో ఉన్నాడని తెలియడానికే మాకు నాలుగు నెలలు పట్టింది. చూడనిస్తారని తెలిశాక అమ్మ తమ్ముణ్ని తీసుకుని ఒక్కసారి పోయి వచ్చింది. నేను పోలేదు, పోవడానికి నాకు ముఖం లేదు. తిరిగి వచ్చాక ఎట్లున్నాడని అడిగితే, "మంచిగనే ఉన్నడు. నిన్ను అడిగిండు" అంది. 

రెండేళ్లు దాటాక కర్ర ఊతంతో ఇంటికి వచ్చాడు. అరికాళ్ల మీద కొట్టారట, మడమ నేలకు ఆనేది కాదు. వచ్చిన రోజు అమ్మ నీళ్లు కాచి, వేడి అన్నం వండి, గొంగడి దులిపి పరిచింది. బాపు అన్నం తిన్నాడు. లేచి అవ్వ నులక మంచం ఎత్తుకుపోయి బయట పందిరి కింద వేసుకున్నాడు. ఆ మంచం మళ్లీ లోపలికి రాలేదు. వాన వస్తే కొట్టంలోకి మారేవాడు. చలి ముదిరితే చుట్టూ చొప్ప కట్టలు నిలబెట్టుకునేవాడు. అమ్మ పక్కకు మాత్రం రాలేదు. మొదట్లో అమ్మ గొంగడి మీద ఆయన వైపు వదిలి పడుకునేది. కొన్నాళ్లకు అది కూడా మానేసింది.

జైలు మనిషిని అలా చేస్తుందని ఊళ్లో అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అమ్మతో ఆయన నేరుగా మాట్లాడింది నేను వినలేదు. "మీ అమ్మను ఉప్పు తెమ్మను", "మీ అమ్మకు చెప్పు, ఎడ్లకు కుడితి పెట్టుమని." ఏది కావాలన్నా నన్నే పిలిచేవాడు. నీళ్లు నేనే ఇవ్వాలి, కాళ్లకు ఆముదం నేనే రాయాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషంగా ఉండేది. నేను చేసిన తప్పు ఆయనకు తెలియదు. తెలియకుండా నన్ను ఇంతగా ప్రేమిస్తున్నాడు. ఇక ఇది ఇలాగే గడిచిపోతే చాలని ఆశపడేదాన్ని. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మమ్మల్ని చూసేది. ఆ ముఖంలో ఏముందో చూడాలని కూడా నాకు తోచలేదు.

కల్వకుర్తి దగ్గరి సంబంధం కుదిరి నన్ను అత్తవారింటికి పంపేటప్పుడు, బండి దగ్గర బాపు కర్ర వదిలేసి నా భుజం పట్టుకుని ఏడ్చాడు.

"నువ్వు నా పక్కన పన్నన్ని దినాలు నన్ను ఎవడు ముట్టలే బిడ్డా" అన్నాడు.

చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ చుట్టూ కొత్త చుట్టాలు, మెడలో ఇంకా పసుపు ఆరని పుస్తెలు. బండి ఎక్కి కూర్చున్నాను. అమ్మ నా చీర కుచ్చెళ్లు సర్దుతూ, కళ్లెత్తి నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. ఏడవొద్దని అంటోంది అనుకున్నాను.

బాపు పోయినప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. పందిరి కింద మంచం మీదే పోయాడు. పదకొండో రోజు అమ్మ గాజులు తీసే వేళకు బాపు చెల్లెలు, మా మేనత్త, గుండెలు బాదుకుంటూ అందరి ముందు అమ్మ మీదికి వచ్చింది.

"ఇప్పుడేడ్సి ఏం ఫాయిదా? ఆ పొద్దు మొద్దునిద్ర పోయి నా అన్నను పట్టించినవు గద. జాగ ఖాళీ ఉంచొద్దన్నది నువ్వే మర్సిపోవుడేంది? జైల్ల ఆయనకు నువ్వే ఒప్పుకుంటివంట. ఎన్నేండ్లు నీ మొకం సూడక ఆరుబయట పండుకున్నడు, ఉత్తగనే పండుకున్నడా?"

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒకేసారి అర్థమైంది. పక్క ఖాళీగా వెచ్చగా ఉండబట్టి దొరికావని క్యాంపులో బాపుకు చెప్పి ఉంటారు. నేను అన్న మాట మాత్రం ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. జైలు కటకటాల దగ్గర ఆయన అమ్మను అదే అడిగి ఉంటాడు. నిద్ర పోయి జాగా నింపలేదని ఆమె తన మీద వేసుకుంది. జ్వరం మైకంలో తనను లేపి కొట్టంలోకి నెట్టింది ఎవరో ఆయనకు గుర్తుండి ఉండదు.

అమ్మ తల ఎత్తి నన్నొక్కదాన్నే చూసింది. నోరు తెరవొద్దని ఆ చూపు. అక్కడ మా అత్తగారు ఉంది, నా భర్త ఉన్నాడు, మా ఆడబిడ్డలు ఉన్నారు. నేను నోరు తెరవలేదు. పన్నెండేళ్ల పిల్లప్పుడు భయమనుకోండి, సిగ్గనుకోండి. ఇద్దరు పిల్లల తల్లిని, అప్పుడు నాకేమైంది? మా అమ్మ చేతి గాజులు ఒక్కొక్కటే పగలగొడుతుంటే, తప్పు చేసినదానిలా తల వంచుకుని ఆమె కూర్చుంటే, నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను.

అందరూ పోయాక వంటింట్లో అడిగాను. "బాపుకు ఎందుకట్ల చెప్పినవే?"

"నువ్వన్నవని చెప్పాల్నా మరి?" అంది, పప్పు గిన్నె తోముతూనే. "కట్టుకున్న పెండ్లాం మీద కోపమొస్తె మొగోడు బతుకుతడు. కన్నబిడ్డ మీద మనసిరిగితె ఆ జైల్లనే సస్తుండె."

"మరి నువ్వు?"

ఆమె గిన్నె కింద పెట్టింది. నా పెద్దకొడుకు తల మీద చేయి పెట్టించి ఒట్టు వేయించుకుంది, తను బతికి ఉన్నంత కాలం ఈ మాట బయట పెట్టనని. ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికింది. మేనత్త ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా అదే మాట ఎత్తిపొడిచేది. ఊళ్లో కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు కూడా, ఫలానా ఇంటామె మొగుణ్ని పట్టించిందని చెప్పుకునేవాళ్లు. అమ్మ విననట్టు పక్కనుంచి పోయేది. నేను పండగకు వచ్చి, నాలుగు రోజులు ఉండి, పోయేదాన్ని.

అమ్మ పోయింది. ఒట్టు తీరింది. ఇప్పుడైనా చెబుదామని మేనత్త ఊరికి పోయాను. ఆమెకు చూపు లేదు, వినికిడి లేదు, నేనెవరో కూడా గుర్తు లేదు. చేయి పట్టుకుని చెవి దగ్గర మూడుసార్లు చెప్పాను. "ఎవలు బిడ్డా నువ్వు?" అంది. ఇప్పుడు ఆమె కూడా లేదు. తమ్ముడు ఆ పొద్దు నిద్రలోనే ఉన్నాడు, వాడూ ఊళ్లో చెప్పుకున్నదే నమ్మాడు, అమ్మ మీద కోపంతోనే పోయాడు.

ఇక నేను ఎవరి దగ్గరికి పోయి చెప్పాలి? అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ పొద్దు మా అమ్మ నిద్ర పోలేదు. బాపును పట్టించింది నేను.